వెనీలా ధర మడగాస్కర్‌లో పడింది, కర్నూలులో ఎందుకు పడలేదు?

మా అక్క కూతురు కర్నూలులో నంద్యాల చెక్‌పోస్ట్ దగ్గర ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతుంది. పుట్టినరోజులు, సీమంతాలు, ఈమధ్య రిటైర్మెంట్ ఫంక్షన్లు కూడా. పోయిన నెల ఒక చిన్న గాజు సీసా తెచ్చి నా ముందు పెట్టింది. అందులో ముక్కుపొడి రంగులో పొడి, గట్టిగా చూస్తే నాలుగైదు చెంచాలుంటుందేమో.

"మామా, పది గ్రాములు. నాలుగు వందలు పడింది. మడగాస్కర్‌లో వెనీలా రేట్లు కుప్పకూలినాయని వీడియోల్లో చెప్తాండారు. మరి నాకెందుకు తగ్గలే?"

నేను ఇరవై ఏళ్లు కమీషన్ కొట్లో పద్దులు రాసినవాణ్ణి. ఉల్లిగడ్డ ఎందుకు పడిందో, వేరుశనగ ఎందుకు లేచిందో అడిగితే టీ చల్లారేలోపు చెప్తాను. వెనీలా మన యార్డులో ఎన్నడూ దిగని సరుకు. అయినా లెక్క లెక్కే కదా అని కూర్చున్నాను. తవ్వేకొద్దీ ఇది మనకు బాగా తెలిసిన కథే అనిపించింది. పత్తికొండ టమోటా కథ: ధర లేచిందని అందరూ వేస్తారు, అందరి సరుకూ ఒకేసారి దిగి ధర పడిపోతుంది. కాకపోతే టమోటా మూడు నెలల్లో చేసే పనిని వెనీలా మూడు నాలుగేళ్లు తీసుకుని చేస్తుంది. ఆపైన పొడి అనేసరికి ఇంకో మెలిక పడుతుంది. దాని సంగతి తరవాత చెప్తాను, అసలు గుట్టు అక్కడే ఉంది.

ముందు సీసాలో ఏముందో చూడాలి. "వెనీలా పొడి" అన్న పేరు మీద బజారులో వేరువేరు సరుకులు నడుస్తున్నాయి. తెల్లగా ఉండేది చక్కెరకో గ్లూకోజు పొడికో వెనిలిన్ అనే రసాయనం, అంటే వెనీలా వాసనకు మూలమైన పదార్థం, కలిపింది. లేత గోధుమరంగులో ఉండేది కాయ సారం తీసి, మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండి పదార్థంతో కలిపి ఆరబెట్టింది. నల్లగా, కొంచెం జిడ్డుగా ఉండేది కాయనే ఎండబెట్టి మర ఆడించింది. మూడింటి మీదా అదే పసుప్పచ్చ పువ్వు బొమ్మ ఉంటుంది. కస్టమ్స్ వాళ్లు మాత్రం మోసపోరు. వాళ్ల పుస్తకంలో వెనీలా కాయకు 0905 అనే పద్దు ఉంది. అందులోనే ముక్క చేయని కాయ ఒక వరస, దంచిన లేదా పొడి చేసిన కాయ ఇంకో వరస. రసాయన వెనిలిన్ 2912లో, ఎక్కడో రసాయనాల మధ్య ఉంటుంది. జీఎస్టీ కూడా వేరే: కాయకు, కాయపొడికి 5 శాతం, వెనిలిన్‌కు, ఎసెన్స్ మిశ్రమాలకు 18 శాతం.

ఈ వెనిలిన్ లెక్క ఒకటి వేసి చూపిస్తే మిగతా వ్యవహారం సగం అర్థమైపోతుంది. బాగా మాగిన వెనీలా కాయలో వెనిలిన్ సుమారు 2 శాతం. అంటే కిలో కాయలో 20 గ్రాములు. ఆ 20 గ్రాముల వెనిలిన్‌ను ఫ్యాక్టరీ నుంచి కొంటే ఎంతవుతుంది? కిలో పది, పదిహేను డాలర్లకు దొరికే సరుకు అది. అంటే 20 గ్రాములు మన డబ్బులో పాతిక రూపాయలకు అటూ ఇటూ. కాయ కిలో ఇరవై డాలర్లకు పడిపోయిన కాలంలో కూడా, అదే వెనిలిన్ కోసం కాయ కొన్నవాడు డెబ్బై రెట్లు ఎక్కువ ఇచ్చినట్టు. ఇది ఇవాళ్టి పోటీ కాదు. 1874లోనే టీమన్, హార్మన్ అనే ఇద్దరు జర్మన్లు వెనిలిన్‌ను ప్రయోగశాలలో తయారు చేశారు. తరవాత లవంగనూనె నుంచి, కాగితం మిల్లుల వ్యర్థం నుంచి తీశారు. ఇప్పుడు ఎక్కువ భాగం పెట్రోలియం సరుకు నుంచే వస్తోంది. ప్రపంచం మొత్తం తింటున్న వెనీలా రుచిలో కాయ నుంచి వచ్చేది ఒక శాతం కూడా ఉండదు.

మరి కాయను ఎవరైనా ఎందుకు కొంటారు? కాయలో వెనిలిన్‌తో పాటు వందల రకాల సువాసన పదార్థాలుంటాయి. పాయసంలో యాలకులకు బదులు యాలకుల ఎసెన్స్ వేస్తే ఏం తేడా తెలుస్తుందో అదే తేడా. దానికి తోడు, డబ్బా మీద "సహజం" అని రాసుకోవాలనే కోరిక కంపెనీలకు ఉంటుంది. కాయ ధర మొత్తం ఈ రెండు కారణాల మీదే నిలబడి ఉంది. రెండూ అంత గట్టి గుంజలు కావు.

ఇక సరుకు వైపు చూస్తే కష్టమంతా అక్కడుంది. వెనీలా ఆర్కిడ్ జాతి తీగ. పుట్టిల్లు మెక్సికో. నాటిన తీగ పూతకు రావడానికి మూడేళ్లు. పువ్వు విచ్చుకుని ఉండేది ఒక్క పూట. ఆ పూటలోనే మనిషి వెళ్లి చిన్న పుల్లతో పుప్పొడిని తాకించాలి. 1841లో ఆ కిటుకు కనిపెట్టింది రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ ఆల్బియస్ అనే పన్నెండేళ్ల బానిస పిల్లవాడు. పూత నుంచి కాయ ముదరడానికి తొమ్మిది నెలలు. ఇంతా చేసి కోస్తే పచ్చి కాయకు వాసనే ఉండదు. వేడినీళ్లలో ముంచి, కంబళ్లలో చుట్టి చెమట పట్టించి, రోజూ కాసేపు ఎండకు పెట్టి, ఆపైన పెట్టెల్లో నెలల తరబడి మాగబెడితే అప్పుడు నల్లబడి గుబాళిస్తుంది. ఐదారు కిలోల పచ్చి కాయకు ఒక కిలో మిగులుతుంది. పసుపు ఉడకబెట్టి ఎండబెట్టే మన కడప రైతుకు ఈ శ్రమ చెప్పకుండానే తెలుస్తుంది.

ఇప్పుడు ధర. మడగాస్కర్ దీవి ఈశాన్య మూలలో సావా అనే ప్రాంతం ఉంది. సంబావా, అంటలాహా, వోహెమార్, అండాపా అనే నాలుగు ఊళ్ల మొదటి అక్షరాలు కలిపితే ఆ పేరు. ప్రపంచంలో అసలు కాయ ఎక్కువ భాగం ఈ ఒక్క మూల నుంచే వస్తుంది. ఒకే దేశం, అందులోనూ ఒకే మూల, అదీ తుపాన్ల దారిలో. ఇంతకంటే ప్రమాదకరమైన సరుకు ఇంకొకటి ఉండదనుకుంటాను. 1990ల మధ్య దాకా అక్కడి సర్కారే ధర కట్టేది. ఆ పట్టు వదిలేశాక ధర జారింది, రైతులు తీగల్ని పట్టించుకోవడం తగ్గించారు. సరిగ్గా అప్పుడే, 2000 ఏప్రిల్‌లో హుడా అనే తుపాను తోటల్ని ఊడ్చేసింది. 2003 నాటికి కిలో కాయ 500 డాలర్లకు చేరింది.

ఆ ధర చూసి ఎవరు ఊరుకుంటారు? ఉగాండా, ఇండోనేషియా, పపువా న్యూగినీ, మన కర్ణాటక, కేరళ, అందరూ తీగలు నాటారు. అందరి తీగలూ ఇంచుమించు ఒకేసారి కాపుకొచ్చాయి. అవతల పెద్ద కంపెనీలు 500 డాలర్లు పెట్టలేక వెనిలిన్‌కు మారిపోయాయి. 2005 నాటికి ధర 50 డాలర్లకు పడింది. ఆ తరవాత ఇంకా జారి, చాలా ఏళ్లు ఇరవై, ముప్పై డాలర్ల మధ్య నేల మీదే పొర్లింది. రైతులు తీగలు పీకేశారు. సరిగ్గా సరుకు తగ్గిన సమయానికి, 2015లో నెస్లే వంటి కంపెనీలు మిఠాయిల్లో కృత్రిమ రుచులు తీసేస్తామని ప్రకటించాయి. మళ్లీ కాయ కోసం పరుగులు. 2017 మార్చిలో ఎనావో తుపాను. 2018లో కిలో 600 డాలర్లు. అప్పటి వెండి ధర కంటే ఎక్కువ.

గమనించారా, ప్రతిసారీ జనం తుపాన్ని తిట్టుకుంటారు. తుపాను అగ్గిపుల్ల మాత్రమే. కట్టెలు పేర్చి పెట్టింది అంతకు ముందున్న చౌక ధర. కర్నూలు యార్డులో 2019 డిసెంబరులో ఉల్లిగడ్డ క్వింటా పది వేలు దాటింది. 2025 సెప్టెంబరులో అదే యార్డులో కొనే దిక్కు లేక ప్రభుత్వం 1,200కు కొంటామని ముందుకు రావాల్సి వచ్చింది. ఉల్లి అయితే ఒక పంటకు పోయింది ఇంకో పంటకు సర్దుకుంటుంది. వెనీలా రైతు ఇవాళ ధర చూసి నాటిన తీగ, కాయై, మాగి, ఓడెక్కేసరికి నాలుగేళ్లు. అప్పటికి ఆ ధర ఉండదు. కాబట్టి వెనీలాలో ఎగుడూ పొడవే, దిగుడూ పొడవే.

ధర మండినప్పుడు ఇంకో తెగులు కూడా పట్టుకుంటుంది: దొంగతనం. మడగాస్కర్ రైతులు పచ్చి కాయ మీద సూదితో పొడిచి తమ గుర్తు వేసుకుంటారు. పశువులకు ముద్ర వేసినట్టు. అది కాయ ఎండినా పోదు. దొంగల భయంతో ముదరకముందే కోసేస్తారు. లేత కాయలో వెనిలిన్ తక్కువ. అంటే ధర ఆకాశంలో ఉన్నప్పుడు వచ్చే సరుకే అన్నింటికంటే నాసిరకం. మనం ఇది మామిడికాయల్లో చూస్తూనే ఉంటాం.

2020లో మడగాస్కర్ ప్రభుత్వం కిలో 250 డాలర్ల కంటే తక్కువకు ఎగుమతి చేయకూడదని కనీస ధర పెట్టింది. ఉద్దేశం మంచిదే. కానీ మన మద్దతు ధరకూ దీనికీ పెద్ద తేడా ఉంది. మద్దతు ధర అంటే, కనీసం కాగితం మీదైనా, సర్కారు కొంటానంటుంది. అక్కడ సర్కారు కొనలేదు, తక్కువకు అమ్మొద్దంది అంతే. కొనేవాళ్లు వెనక్కి తగ్గారు, సరుకు గోదాముల్లో పేరుకుంది. 2023లో ఆ నిబంధన ఎత్తేశారు. కట్ట తెగినట్టు ధర వంద డాలర్ల లోపుకు జారిపోయింది. మా పిల్ల వీడియోల్లో విన్న కుప్పకూలడం ఇదే.

మన దేశం సంగతి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే పెద్దగా మిగిలిందేమీ లేదు. కొచ్చిలో ఉండే సుగంధ ద్రవ్యాల బోర్డు కింద ఉన్న 52 దినుసుల్లో వెనీలా ఒకటి. 2003 ప్రాంతంలో కేరళ, కర్ణాటక తోటల్లో పచ్చి కాయ కిలో మూడు వేల రూపాయలు పలికింది. పోకచెట్టుకు, కాఫీ నీడకు తీగ పాకించినవాళ్లు రాత్రుళ్లు తోటల్లో కాపలా పడుకున్నారు. రెండు మూడేళ్లలో అది వందకు అటూ ఇటూ వచ్చింది, వేరుకుళ్లు మిగతా పని చేసింది. అప్పుడు తీగ ముక్కలు అమ్మినవాళ్లే బాగుపడ్డారు. మన వైపు ఈము పక్షుల కథ గుర్తున్నవాళ్లకు ఇంకేం చెప్పక్కర్లేదు. ఇప్పుడు కూడా అనంతపురంలో షేడ్‌నెట్ వేసి వెనీలా పండించండి, కాయ మేమే కొంటాం అనే మాటలు ఫోన్లలో తిరుగుతున్నాయి. ఏడాది పొడుగునా నీడ, తేమ, దండిగా వాన కోరే తీగ అది. అనంతపురంలో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. నా మాట వినేవాళ్లుంటే, ఆ డబ్బుతో నాలుగు పొట్టేళ్లు కొనుక్కోవడం నయం.

సరే, సీసా దగ్గరికి వస్తాను. మా పిల్లకు పలక మీద లెక్క వేసినట్టు వేసి చూపించాను. డాలరు 85 రూపాయలనుకుందాం. కాయ కిలో వంద డాలర్లయితే 8,500. పది గ్రాములకు 85 రూపాయలు. మర ఆడించాలంటే ముందు తేమ తగ్గించాలి కాబట్టి తరుగు పోతుంది, వంద అనుకో. ఇప్పుడు మడగాస్కర్‌లో ధర సగానికి పడిందనుకో. నీ సీసాలో తగ్గగలిగింది యాభై రూపాయలు, అంతే. మిగిలిన మూడు వందలు మడగాస్కర్‌వి కావు. దిగుమతి సుంకం, గాజు సీసా, లేబులు, కొరియర్, ఆన్‌లైన్ అమ్మకం కమీషన్, అమ్మేవాడి లాభం. గాజు ధర తుపానుకు తగ్గదు, పెరగదు. పది గ్రాములు కొనేవాళ్లు కాయ ధర కంటే సీసా ధర ఎక్కువ కడుతున్నారు. మన ఊళ్లో రూపాయి షాంపూ ప్యాకెట్ లెక్క కూడా ఇదే కదా.

పైగా తెచ్చినవాడు ఎప్పటి సరుకు పట్టుకుని కూర్చున్నాడో మనకు తెలియదు. వెనీలా కాయ గట్టి మూత ఉంటే రెండేళ్లు చెడదు. 250 డాలర్ల కాలంలో కొన్నవాడు వంద డాలర్ల కాలంలో నష్టానికి అమ్మడు, మెల్లగా చిన్న సీసాల్లో వదిలించుకుంటాడు. యాలకులకు బోర్డు ఆధ్వర్యంలో కేరళలో పుట్టడి, తమిళనాడులో బోడినాయకనూరుల్లో వేలం పాట నడుస్తుంది, ఏ రోజు సగటు ధర ఎంతో అందరికీ తెలుస్తుంది. వెనీలాకు పాట లేదు, యార్డు లేదు. ధర ఎంతంటే అమ్మేవాడు చెప్పిందే. బేరం అక్కడ మొదలై అక్కడే ఆగిపోతుంది.

ఇక ఇందాక చెప్పిన మెలిక. కాయను చేత్తో పట్టుకుంటే చాలా చెప్తుంది. వంచితే వంగుతుందా, పొడవెంత, జిడ్డు మెరుపుందా, చీలిందా. పొడి అయ్యాక సరుకు నోరు మూసుకుంటుంది. మిర్చి, పసుపు వ్యాపారంలో ఉన్నవాళ్లకు ఇది కొత్త కాదు. నిగనిగలాడే పొడుగు కాయల్ని ఎవరూ మర ఆడించరు, అవి అలాగే ఎక్కువ ధరకు పోతాయి. పొడికి వెళ్లేవి పొట్టివి, చీలినవి, మరీ ఎండినవి. అందులో తప్పేం లేదు, వాసన బాగానే ఉంటుంది. కానీ ఇంకొకటి కూడా వెళ్తుంది: పిప్పి. సారం తీసే ఫ్యాక్టరీల్లో కాయను ఆల్కహాల్‌లో నానబెట్టి వాసనంతా లాగేశాక నల్లటి పిప్పి మిగులుతుంది. చెరకు గానుగ దగ్గర మిగిలినట్టే. దాన్ని ఎండబెట్టి పొడి చేస్తే చూపుకు అచ్చం కాయపొడే. ఐస్‌క్రీమ్‌లో నల్ల చుక్కలు కనబడితే అసలు వెనీలా అని మనం మురిసిపోతాం. ఆ చుక్కలు చాలాసార్లు ఈ పిప్పివే. రుచి వెనిలిన్‌ది, చుక్క పిప్పిది.

కాబట్టి కాయ వ్యాపారంలో ధర మారుతుంది, పొడి వ్యాపారంలో సరుకు మారుతుంది. కాయ 600 డాలర్లున్నప్పుడు పది గ్రాముల సీసా తొమ్మిది వందలు చేస్తే కొనేవాడు ఉండడు. అందుకని సీసా ధర ఓ మాదిరిగా పెరుగుతుంది, లోపల పిప్పి వాటా దాంతోపాటు పెరుగుతుంది. కాయ చౌకైనప్పుడు సీసా ధర తగ్గదు, లోపల సరుకు బాగుపడుతుంది. అందరూ ఇలా చేస్తారని కాదు. కాని పొడి ధర చూసి కాయ ధర ఊహించడం, కాయ ధర చూసి పొడి ధర అడగడం రెండూ దెబ్బతింటాయి. మా పిల్ల రేటు తగ్గలేదని బాధపడుతోంది. ఆమె అడగాల్సింది మూడేళ్ల కిందటి సీసా కంటే ఈ సీసా వాసన మెరుగ్గా ఉందా అని. అడిగాను. కాసేపు మూత తీసి వాసన చూసి, "అవును మామా, అప్పట్లోది గడ్డి వాసనొచ్చేది" అంది.

దీన్ని తేల్చే పరీక్షలు లేకపోలేదు. వెనిలిన్‌కూ దాని తోటి పదార్థాలకూ మధ్య నిష్పత్తి చూస్తారు, కార్బన్ ఐసోటోపుల్ని, అంటే బరువులో తేడా ఉండే కార్బన్ రకాల్ని, బట్టి అది తీగలో పుట్టిందా పెట్రోలులో పుట్టిందా చెప్పేస్తారు. పది గ్రాముల సీసాకు ఎవరు చేయిస్తారు? మనకు మిగిలింది లేబులు. పదార్థాల జాబితాలో వెనీలా కాయ తప్ప ఇంకోటి లేకపోతే కాయపొడి. మాల్టోడెక్స్‌ట్రిన్ ఉంటే సారం పొడి. "నేచర్ ఐడెంటికల్" అని కనిపిస్తే అది ఫ్యాక్టరీ వెనిలిన్, మంచిదే, కాకపోతే ఆ ధరకే కొనాలి.

ఇంటర్నెట్‌లో భారత వెనీలా పొడి మార్కెట్ ఇంత శాతం పెరుగుతుంది, సగటు ధర ఇంత తగ్గింది అని నివేదికలు కనబడతాయి. వాటిని చదివి కంగారు పడేముందు సగటు ఎలా వస్తుందో చూడండి. ఊరికే ఒక ఉదాహరణ అనుకుందాం. ఒక ఏడాది దేశంలోకి 100 కిలోల పొడి కిలో 5,000 చొప్పున వచ్చింది. మరుసటి ఏడు అదే 100 కిలోలు అదే ధరకు వచ్చాయి, వాటితోపాటు ఇంకెవరో 400 కిలోల చౌక పొడి వెయ్యి చొప్పున దింపారు. సగటు 1,800 అయిపోతుంది. కాగితం మీద ధర అరవై నాలుగు శాతం పడింది. నిజానికి ఎవరి ధరా ఒక్క రూపాయి తగ్గలేదు. మొత్తం వ్యాపారమే చిన్నదైనచోట ఒక్క పార్సెల్ చాలు, గీత పైకో కిందికో వంగడానికి. ఆదోని యార్డులో రోజుకు వేల బస్తాల వేరుశనగ వస్తుంది కాబట్టి అక్కడ సగటుకు అర్థముంది.

మొన్న ఆదివారం మా పిల్ల నాకు పరీక్ష పెట్టింది. రెండు కప్‌కేకులు, ఒకటి కాయపొడితో, ఒకటి ముప్పై రూపాయల ఎసెన్స్‌తో. ఇంత చదివినవాణ్ణి కదా అని ధీమాగా ఒకటి చూపించాను. అది ఎసెన్స్‌ది. ఓవెన్ వేడికి కాయలోని సున్నితమైన వాసనలు చాలావరకు ఎగిరిపోతాయట, వెనిలిన్ గట్టిది కాబట్టి నిలుస్తుంది. తరవాత చల్లటి కస్టర్డ్ రెండు గిన్నెల్లో ఇచ్చింది. అక్కడ మాత్రం తేడా చిన్నపిల్లలకు కూడా తెలిసింది. అప్పట్నుంచి కేకులకు ఎసెన్స్, క్రీముకూ కస్టర్డ్‌కూ కాయ అని తేల్చుకుంది.

"అట్లయితే మామా, ఇప్పుడు చౌకగా ఉందంటున్నావు కదా, పొడి వద్దు, కాయే రెండు కిలోలు తెప్పించి పెట్టుకుందామా? మళ్లీ తుపాను వస్తే?"

వస్తుంది. జనవరి నుంచి మార్చి దాకా అక్కడ తుపాన్ల కాలం, చౌక ధరకు విసిగి తీగలు వదిలేస్తున్నవాళ్లూ ఉంటారు. అయినా మే నెలలో మన ఇంటి పైగదిలో ఎంత వేడుంటుందో, కరెంటు ఎన్నిసార్లు పోతుందో గుర్తు చేశాను. ధర వస్తుందని ఉల్లిగడ్డలు పందిరి కింద ఆరబోసుకుని కూర్చుంటే ఏమైందో తాతనడుగు అన్నాను. అడిగినట్టుంది. పావుకిలో తెప్పించింది. మిక్సీలో వేస్తే తేమకు ముద్దయిపోయింది. చక్కెర కలిపి ఆడిస్తే పొడైంది. సీసా మాత్రం పాతదే కడిగి వాడుకుంటోంది.